గుండుకి చేతులెందుకు?

నేను ఆడే వీడియో గేమ్ గురించి మా నాన్న ఇన్నేళ్ళలో సీరియస్‌గా అడిగిన ప్రశ్న ఒక్కటే ఒక్కటి. 98 వేసవి సెలవులు, వైజాగ్ మల్కాపురంలో రెండు గదుల అద్దిల్లు, నాన్న డాక్‌యార్డ్ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ గుమ్మంలోంచి టీవీ వైపు చూశాడు, లోపల నేను మేరియో ఆడుతున్నా, స్క్రీన్ మీద నల్లటి గుండొకటి కుడి పక్క నుంచి వస్తోంది. "ఇదేట్రా, ఫిరంగి గుండుకి చేతులెందుకు? దేన్ని పట్టుకుంటాదది?" అన్నాడు. నేను తల తిప్పి ఏదో చెప్పేలోపు ఆ గుండే వచ్చి మేరియోకి తగిలింది, వాడు పైకెగిరి స్క్రీన్ కిందకి పడిపోయాడు, అదే ఆఖరి లైఫు. నాన్న "చూశావా, చేతుల్తో పనే పడలేదు" అనేసి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

డాక్‌యార్డ్‌లో మిషన్ షాపు మనిషి కదా, ఏ వస్తువు చూసినా ముందు ఇది దేనికి, ఇది లేకపోతే పని నడవదా అని చూస్తాడు. ఆ ప్రశ్న నా బుర్రలో అలాగే ఉండిపోయింది. మొన్న ఆదివారం మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది, ఈసారి మా పాప ముందు, అందుకే ఇదంతా రాయాలనిపించింది.

ఆ గుండు పేరు బుల్లెట్ బిల్ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్ వచ్చాక గానీ తెలీదు. 1985 సెప్టెంబర్‌లో జపాన్‌లో రిలీజైన సూపర్ మేరియో బ్రదర్స్‌లోదే అది. జపాన్ వాళ్ళు దానికి మొహమాటం లేకుండా "కిల్లర్" అనే పేరు పెట్టుకున్నారు, ఇంగ్లీషులోకి వచ్చేసరికి బిల్ అని మనిషి పేరు తగిలించారు, మన తుపాకీ రాముడు టైపులో. మాకు ఈ గొడవేమీ తెలీదు, మేం పెట్టుకున్న పేరు టార్పెడో, అంటే నీళ్ళలోంచి ఓడల మీదకి వదిలే గుండు. మా వీధిలో సగం ఇళ్ళల్లో నాన్నలు డాక్‌యార్డో షిప్‌యార్డో, మిగతావాళ్ళు రిఫైనరీ వైపు, మరి ఆ వీధి పిల్లలకి పొడుగ్గా నల్లగా మూతి గుండ్రంగా ఉన్నది ఏదైనా కనపడితే టార్పెడో కాక ఇంకేం గుర్తొస్తుంది. పుట్టగొడుగుని పుట్టగొడుగనీ తాబేలుని తాబేలనీ అనుకుని ఆడేసినోళ్ళం దీనికి మాత్రం డిఫెన్సు వాళ్ళ పేరు పెట్టాం.

ఆ టీవీ గేమ్ కథ కొంచెం చెప్పాలి. జగదాంబ దగ్గర ఒక షాపులో కొన్నది, ఒరిజినల్ కాదని ఇప్పుడు తెలుసు, అప్పుడు ఒరిజినల్ డూప్లికేటు అనే ఆలోచనే లేదు. పసుప్పచ్చ కేసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసుంటుంది, లోపల చూస్తే ఏడెనిమిది ఆటలే, అవే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో, ఒక మేరియో మామూలుగా మొదలవుద్ది, ఇంకో మేరియో నేరుగా మూడో వరల్డ్‌లో మొదలవుద్ది, దాన్ని వేరే గేమ్ కింద లెక్కేశారన్నమాట. అడాప్టర్ గంట ఆడితే ఇస్త్రీ పెట్టెలాగ కాలిపోయేది. బొమ్మ రాకపోతే కేసెట్ తీసి అడుగున ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టడం, అది పని చేస్తుందో లేదో గానీ అందరం ఊదేవాళ్ళం, పూజలో హారతి కళ్ళకద్దుకున్నట్టు అదొక పద్ధతి. టీవీ బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్, కాబట్టి మేరియో టోపీ ఎర్రగా ఉంటుందని నాకు పక్కింటి కలర్ టీవీలో చూసేదాకా తెలీదు. గుండు మాత్రం రెండింట్లోనూ ఒకటే నలుపు.

సేవ్ చేసుకోవడం ఉండదు. ఎంత దూరం ఎళ్ళినా కరెంటు పోతే మళ్ళీ మొదట్నుంచే, మా వీధిలో మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకే అందరికీ షార్ట్‌కట్ తెలుసు, 1-2 లో, అంటే మొదటి వరల్డ్ రెండో లెవెల్లో, పైకప్పు మీదెక్కి నడుచుకుంటూ చివరి దాకా పోతే మూడు గొట్టాలుంటాయి, అందులో ఒకటి సరాసరి నాలుగో వరల్డ్‌కి దించుతుంది, 4-2 లో కూడా అదే పద్ధతిలో చివరి దాకా పోతే అయిదుకి గొట్టం. అలా అడ్డదారిన వచ్చేసరికి నాకు రెండూ మూడూ వరల్డుల్లో నేర్చుకోవాల్సిన ప్రాక్టీసు ఏదీ లేదు, ట్యూషన్‌లో గైడు చదివి నేరుగా పరీక్షకెళ్ళినట్టు, అయిదో వరల్డులో దిగానంటే ఎదురుగా ఫిరంగి.

5-1 లో దాన్ని మొదటిసారి చూస్తే అది శత్రువనే అనిపించదు. గొట్టం లాంటిదే ఇంకోటి అనుకుంటాం, నల్లగా దిమ్మలాగ నిలబడి ఉంటుంది, కదలదు. నేనైతే దాని మీద నాణెం ఏమైనా దొరుకుతుందేమోనని దగ్గరికి పోబోయా. ఢబ్ మని చప్పుడు, టీవీ చిన్న స్పీకర్లో అది బయట తలుపు కొట్టినట్టే వినపడేది, ఒకసారి మా అమ్మ నిజంగానే లేచెళ్ళి తలుపు తీసింది. ఆ చప్పుడుతో గుండు బయటికొస్తుంది, రెండు కళ్ళు, ముందుకి చాపిన రెండు చిన్న చేతులు, తిన్నగా అదే ఎత్తులో వస్తుంది, కిందకి వాలదు, పైకి లేవదు, ఎదురుగా ఏముందో చూడదు. ఆ కళ్ళు ఎందుకు పెట్టారో గానీ చూపు మాత్రం లేదు దానికి.

మరి అంత తిక్కలోడి చేతిలో నేను అన్నిసార్లు ఎందుకు చచ్చానంటే, తాబేలుని చూస్తే ఎప్పుడు దూకాలో చెయ్యికి తెలుసు, నేల మీద నడుస్తుంది కదా, అది వచ్చాక దూకితే సరి. గుండు గాల్లో వస్తుంది, మన తల ఎత్తులోనో నడుం ఎత్తులోనో, ముందే దూకితే మనం కిందకి దిగిపోయిన టైముకి సరిగ్గా అది ఎదురుగా వచ్చి తగులుతుంది, ఆలస్యంగా దూకితే లేస్తూనే మోకాలికి తగులుతుంది. దానికి గురి లేదు, మనమే వెళ్ళి దాని దారిలో పడతాం. దూకి నెత్తి మీద తొక్కితే మాత్రం పాపం వెంటనే తలకిందులై కిందకి జారిపోతుంది, 200 పాయింట్లు. తొక్కిన ప్రతిసారీ నాకు చెప్పలేనంత ఆనందంగా ఉండేది, అంత చప్పుడు చేసుకుంటూ వచ్చిన మనిషి ఒక్క కాలితో పోయాడు.

ఇంకో మోసం ఏంటంటే నిప్పులు. పువ్వు తిని తెల్ల బట్టల మేరియో అయ్యి నిప్పు ఉండలు విసిరే స్టేజీకొచ్చాక లోకంలో ఇక ఎవడికీ భయపడక్కర్లేదు అనుకుంటాం కదా, ఆ నిప్పు దీనికి పని చెయ్యదు. ఎన్ని విసిరినా చీమ కుట్టినట్టు కూడా ఉండదు, అలాగే వస్తుంది. కాసేపు ఏదీ మనల్ని ఏం చెయ్యలేకుండా చేసే స్టార్ తిన్నప్పుడు తప్ప దీన్ని తొక్కాల్సిందే లేదా తప్పుకోవాల్సిందే. ఇనప గుండుకి నిప్పేం చేస్తుంది అని ఇప్పుడు ఆలోచిస్తే న్యాయమే, అప్పుడు మాత్రం పెద్ద అన్యాయం జరిగిపోయినట్టు ఏడ్చా.

నన్ను గట్టెక్కించింది మా వెనకింటి అప్ప. వాళ్ళది శ్రీకాకుళం వైపు, అందుకే మేం కూడా అక్క అనకుండా అప్పా అనే పిలిచేవాళ్ళం. డిగ్రీ చదివేది, సాయంత్రాలు మా అమ్మ దగ్గరికి కుట్టు నేర్చుకోడానికి వచ్చి, అమ్మ గుడ్డ కత్తిరించేలోపు ఒక్క ఆట అని రిమోట్ లాక్కునేది. జాయ్‌స్టిక్‌ని మేం రిమోట్ అనేవాళ్ళం. నేను ఫిరంగికి ఆమడ దూరంలో ఆగి గుండు వస్తే దూకి, మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ దూకి నానా యాతన పడుతుంటే చూసి చూసి, "ఓరి గుంటడా, దూరంగా ఉంటే కాలుస్తాదిరా అది, దగ్గరికెళ్ళి ఆనుకుని నిల్చో, ఏటీ అవదు" అంది. నేను నమ్మలేదు. రిమోట్ తీసుకుని పరిగెత్తించుకుని వెళ్ళి మేరియోని ఫిరంగి నెత్తి మీద ఎక్కించి నిలబెట్టింది. చూస్తున్నాం, చూస్తున్నాం, అది కాల్చదే. అప్ప చేతులు వదిలేసి జడ వేసుకుంది, మొత్తం జడ, రబ్బరు బ్యాండుతో సహా, ఫిరంగి నోరు మూసుకునే ఉంది. ఆమె రిబ్బను పెట్టుకునే అలవాటు లేకపోవడం వల్ల గానీ లేకపోతే అదీ కట్టుకునేది.

ఇది అప్ప మంత్రం ఏమీ కాదు, గేమ్‌లో నిజంగానే అలా రాసుంది. ఆ పాత గేమ్ ప్రోగ్రామ్ మొత్తాన్ని ఓపిక ఉన్న మహానుభావులు కొందరు లైను లైనూ విప్పి ఏ లైను ఏం చేస్తుందో అర్థం రాసి పెట్టారు, కోవిడ్ టైములో ఇంట్లో కూర్చుని నేను అది చదివా, సాఫ్ట్‌వేర్ పని చేసేవాడికి అదొక సరదా. ఫిరంగి కాల్చే ముందు మేరియో అడ్డంగా ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుంటుంది, 40 పిక్సెల్స్ (బొమ్మలోని చుక్కలు) లోపల ఉంటే ఆ గుండుని అక్కడే రద్దు చేసేస్తుంది. ఒక బ్లాకు 16 పిక్సెల్స్, అంటే రెండున్నర బ్లాకుల లోపల ఉన్నవాడు సేఫ్. మొహం మీదే పేలితే ఆడేవాడికి తప్పుకునే ఛాన్స్ ఉండదు కదా, ఆ మర్యాద పాటించారన్నమాట. గేమ్ మొత్తం 40 కిలోబైట్లు, ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ ఫోటో దానికంటే పెద్దది, మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చి సర్దుకున్న గేమ్ అది, అంత ఇరుకులో కూడా ఈ మర్యాదకి రెండు మూడు లైన్లు జాగా ఇచ్చారంటే నాకు ముచ్చటేసింది.

అందులోనే ఇంకోటి కనపడింది, అది చదివి మాత్రం కాసేపు కుర్చీలో వెనక్కి వాలిపోయా. ఫిరంగి గుండు స్పీడ్‌కి పెట్టిన అంకె, మేరియో మామూలుగా నడిస్తే ఎక్కువలో ఎక్కువ వచ్చే స్పీడ్‌కి పెట్టిన అంకె, రెండూ ఒకటే. బి బటన్ నొక్కి పరిగెడితే మేరియోయే దానికంటే ఫాస్ట్. అంటే నేను వేసవి సెలవులంతా భయపడి చచ్చిన టార్పెడో మనిషి నడిచే స్పీడులో వస్తోంది! అది మీదకి దూసుకొచ్చినట్టు ఎందుకుండేదంటే నేను దానికి ఎదురు పరిగెత్తేవాణ్ణి కాబట్టి, రెండు స్పీడులూ కలిసి అంత అయ్యేది. దాటి ముందుకెళ్ళిపోయాక అదే ఫిరంగి వెనక నుంచి కూడా కాలుస్తుంది, మనం ఏ పక్కనుంటే ఆ పక్కకే కాలుస్తుంది అది, కానీ పరిగెత్తేవాణ్ణి ఆ గుండు ఈ జన్మలో పట్టుకోలేదు. ఆగి వెనక్కి చూసినోడికే తగులుతుంది, నేను ఆగి వెనక్కి చూసే రకం.

ఫిరంగి కిటుకు తెలిశాక వారం రోజులు నేను వీధిలో హీరోని. ఆ వారం అయ్యాక 5-3 వచ్చింది.

5-3 అంటే ఏం లేదు, 1-3 నే మళ్ళీ పెట్టారు, అవే చెట్లు, అవే పైకీ కిందకీ తిరిగే పలకలు, కాకపోతే పలకలు పొట్టివి చేశారు. ఓస్ ఇదేనా ఇది మనకొచ్చిందే అని దూసుకుపోతుంటే కుడి పక్క నుంచి గుండు వచ్చింది. సరే ముందెక్కడో ఫిరంగి ఉందన్నమాట, వెళ్ళి దాని నెత్తినెక్కేద్దాం అని వెళ్తున్నా, ఇంకోటొచ్చింది, ఇంకోటొచ్చింది, ఒక్కోటి ఒక్కో ఎత్తులో. చివరి దాకా వెళ్ళినా ఫిరంగి లేదు. అసలు ఆ లెవెల్లో ఫిరంగే పెట్టలేదు వాళ్ళు, గుండ్లు ఊరికే స్క్రీన్ అంచు నుంచి పుట్టుకొస్తాయి. ఎవడు కాలుస్తున్నాడో తెలీదు, ఎక్కడ్నుంచో తెలీదు, చప్పుడు వచ్చే వైపు చూస్తే ఏమీ ఉండదు. ఆ వయసులో నాకు దెయ్యాల సినిమాలో కూడా అంత భయం వెయ్యలేదు. ఆనుకుని నిల్చోడానికి అక్కడ ఏమీ లేదు మరి, అప్ప మంత్రం పారదు, కింద గొయ్యి.

అప్పని అడిగితే తనూ రెండుసార్లు ఆడి చచ్చిపోయి "ఇది నా వల్ల కాదురా బాబూ, ఇది ఆ నేవీ వాళ్ళే ఆడాలి" అని రిమోట్ ఇచ్చేసింది. ఆ డిసెంబర్లో నాన్న మమ్మల్ని బీచ్‌కి నేవీ డే చూపించడానికి తీసుకెళ్ళాడు, 4వ తారీఖు సాయంత్రం ఆర్కే బీచ్ అంతా ఇసకేస్తే రాలని జనం, నాన్న భుజాల మీదెక్కి చూస్తున్నా, సముద్రంలోంచి ఢాం అని చప్పుడొచ్చింది, ఏ ఓడ కాల్చిందో నాకు కనపళ్ళేదు, వెంటనే నాకు 5-3 గుర్తొచ్చి నాన్న జుట్టు గట్టిగా పట్టేసుకున్నా. "ఏట్రా" అన్నాడు. ఏం చెప్తాం.

5-3 నేను ఆ గేమ్ మీద దాటానా అంటే ఒక్కసారి దాటా, 5-4 కోటలో చచ్చిపోయా. తర్వాత 7-1 అని ఒకటి ఉందనీ అందులో ఫిరంగులు బారులు తీరి ఉంటాయనీ మా క్లాసులో ఒకడు చెప్పేవాడు, వాడు అబద్ధాలకోరని అందరికీ తెలుసు కాబట్టి నేను నమ్మలేదు, వాడు నిజమే చెప్పాడు. సారీ రా.

సరే ఇప్పటి సంగతికొస్తా. ఇప్పుడు మేం మధురవాడలో ఉంటున్నాం, నాన్న రిటైరయ్యి చాలా ఏళ్ళయింది, మా పాపకి తొమ్మిదేళ్ళు. మొన్న ఆదివారం బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి వెళ్ళాం. వైజాగ్ వాళ్ళు ఎవరూ కురుసుర చూడరు, బయట్నుంచి చుట్టాలొస్తేనే చూస్తాం, నేనే ఆఖరున ఎక్కింది కాలేజీలో ఉండగా. 1969 నుంచి 31 ఏళ్ళు నేవీలో తిరిగిన సబ్‌మెరైన్, 2002 లో ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు, 91 మీటర్ల పొడుగు, లోపల మాత్రం మన పాత సిటీ బస్సులో రద్దీ టైములో నిలబడ్డట్టే, గుండ్రటి కన్నాల్లోంచి వంగి వంగి దాటుకుంటూ పోవాలి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అయినా నేనెక్కుతానని పట్టు. ప్రతి వాల్వు దగ్గరా ఆగిపోతాడు, వెనకున్న జనం తాతగారూ కొంచెం జరగండి అంటున్నారు, ఈయన ఆ వాల్వు ఇత్తడిదా గన్‌మెటలా అని వేలితో కొట్టి చూస్తున్నాడు.

ముందు భాగంలో టార్పెడో గొట్టాలుంటాయి, ఆరు, మూతలు గుండ్రంగా. పాప వాటిని చూసి, పక్కనే టార్పెడోని చూసి, సబ్‌మెరైన్ మొత్తం వినపడేలా "డాడీ! బుల్లెట్ బిల్!" అని అరిచింది. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. పాతికేళ్ళ క్రితం మేం బుల్లెట్ బిల్‌ని చూసి టార్పెడో అన్నాం, ఇది టార్పెడోని చూసి బుల్లెట్ బిల్ అంటోంది. నాకు నవ్వాగలేదు. నాన్న మాత్రం సీరియస్‌గా దగ్గరికెళ్ళి టార్పెడో తోక వైపు చూపించి "చూడమ్మా, దీనికి తోకలో ఫ్యానుంటాది, నీటిని ఎనక్కి తోసుకుంటూ పోతాది, చేతులుండవు" అన్నాడు. అన్నేళ్ళు ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడంటే చూడండి.

బయటికొచ్చి పొత్తులు కొనుక్కుని గోడ మీద కూర్చున్నాక పాప అడిగింది, తాతా టార్పెడో మన వెనకాల తిరుగుతుందా అని. నాన్న చెప్పాడు, పాతవి వదిలిన దారిలో తిన్నగా పోయేవి, తగిలితే తగిలినట్టు లేదంటే సముద్రంలో కలిసినట్టు, తర్వాతవి ఓడ చేసే శబ్దం వింటూ దాని వైపు తిరుగుతాయి, మన వైజాగ్‌లోనే నేవీ ఆయుధాలు తయారుచేసే ల్యాబ్ ఎన్ఎస్‌టీఎల్ వాళ్ళు వరుణాస్త్ర అని అలాంటి టార్పెడో చేశారు, 2016 లో నేవీకి ఇచ్చారు అని. నాకు లోపల టింగ్ మంది. ఎందుకంటే బుల్లెట్ బిల్ కథ కూడా అచ్చం ఇంతే, 85 లో తిన్నగా పోయేవాడే, 1988 లో మూడో మేరియో వచ్చేసరికి మెరుస్తూ వచ్చే రకం ఒకటి పెట్టారు, అది మేరియో ఎటు పోతే అటు తిరిగి వెంటపడుతుంది. ఆ తర్వాత 1990 లో సూపర్ మేరియో వరల్డ్‌లో స్క్రీన్‌లో పెద్ద ముక్క ఆక్రమించేంత గుండు పెట్టారు, బాంజాయ్ బిల్ అని. సైజు పెంచడం మీద నాకు పెద్ద గౌరవం లేదు, సినిమాలో విలన్‌కి సుమోలు పెంచినట్టుంటుంది అది. వెంటపడే గుండు మాత్రం నాకు నచ్చదు, భయం కాదు, నచ్చదంతే. తిన్నగా పోయేవాడి మీద చచ్చినా కోపం రాదు, వాడి దారిన వాడు పోతున్నాడు, మనమే అడ్డొచ్చాం. వెంటపడేవాడికి మన మీదేదో కక్ష ఉన్నట్టే కదా.

పాపకి ఈ బాధలేవీ లేవు. దానికి బుల్లెట్ బిల్ అంటే ఫ్రెండు. దుబాయ్ నుంచి మా బావమరిది స్విచ్ అనే గేమ్ మెషీన్ తెచ్చిచ్చాడు, అందులో మేరియో కార్ట్ ఆడుతుంది, ఆ రేసులో బాగా వెనకబడిపోయిన వాళ్ళకి బుల్లెట్ బిల్ వస్తుంది, 2005 లో డీఎస్ అనే చేతిలో పట్టే గేమ్ మెషీన్‌కి వచ్చిన మేరియో కార్ట్ నుంచి ఉందట ఈ పద్ధతి. అది వాడితే కాసేపు మనమే గుండైపోతాం, స్టీరింగ్ కూడా పట్టుకోనక్కర్లేదు, దారిలో ఉన్నోళ్ళందర్నీ గుద్దుకుంటూ ముందుకి తీసుకెళ్ళి దించుతుంది. మాకేమో యముడు, వీళ్ళకేమో స్కూల్‌కి లేటైనప్పుడు దొరికే ఆటో. 2017 లో వచ్చిన సూపర్ మేరియో ఒడిస్సీలో అయితే టోపీ విసిరి గుండు లోపలికే దూరి ఎగురుకుంటూ పోవచ్చు. అది మొదటిసారి చేసినప్పుడు నేను పాప కంటే గట్టిగా అరిచానని మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక పాప స్విచ్‌లో ఉండే పాత గేమ్‌ల లిస్టులోంచి సూపర్ మేరియో తీసింది, డాడీ నువ్వు చచ్చిపోయే లెవెల్ చూపించు అని. అదే గొట్టాల మీదుగా అయిదుకి తీసుకెళ్ళా, చేతికి ఇంకా గుర్తుంది. 5-3 లో పాప చచ్చింది. రెండు బటన్లు కలిపి పట్టుకుంది, మేరియో గొయ్యిలోంచి పైకి లేచి వెనక్కి వెనక్కి వచ్చేశాడు, గుండు కూడా వెనక్కి పోయింది, మళ్ళీ ఆడింది. ఇప్పుడు రివైండ్ ఉందంట! పక్కన సోఫాలో పడుకుని చూస్తున్న నాన్న లేచి కూర్చున్నాడు. "అదేటమ్మా, చచ్చినోడు చచ్చినట్టే, ఎనక్కి తిప్పకూడదు, అది తొండి" అన్నాడు. పాప తాతా నువ్వు ఆడు చూద్దాం అని కంట్రోలర్ చేతిలో పెట్టేసింది.

నాన్న జీవితంలో మొదటిసారి మేరియో ఆడాడు. 5-3 వద్దు అని 5-1 లో పెట్టా, దారిలో పుట్టగొడుగులూ తాబేళ్ళూ నేనే చేయి పట్టుకుని దాటించా, ఫిరంగి దగ్గరికి తీసుకొచ్చి అప్ప మంత్రం చెప్పా, దీని నెత్తి మీదెక్కి నిల్చుంటే ఏమీ చెయ్యదు నాన్నా అని. ఎక్కించాం. కాల్చలేదు. నాన్న కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఫిరంగినే చూస్తున్నాడు.

"తాతా ఇంక దిగు, ముందుకెళ్ళాలి" అంది పాప.

"ఎందుకు, ఇక్కడ బాగానే ఉంది కదా."

"తాతా టైమ్ అయిపోతోంది!"

"ఏ టైము?" పైన అంకెలు తగ్గిపోతున్నాయి, వందకొచ్చేసరికి పాట స్పీడ్ అందుకుంది, పాప సోఫా మీద గెంతుతోంది, నాన్న మాత్రం బస్టాప్‌లో నిలబడ్డట్టు ఫిరంగి మీద నిలబెట్టి మెల్లగా గుండుకి చేతుల సంగతి మళ్ళీ మొదలెట్టాడు, పాప ఆ కంగారులోనే "పరిగెత్తేటప్పుడు మనం చేతులు ఊపుకోమా తాతా, అందుకే" అంది, నాన్న "మరి కాళ్ళేవి?" అన్నాడు, ఈలోపు అంకెలు సున్నాకొచ్చేశాయి. ఏ గుండూ తగల్లేదు, ఎవరూ దగ్గరికి కూడా రాలేదు, మేరియో ఉన్నవాడు ఉన్నట్టే పైకెగిరి కిందకి పడిపోయాడు.

నాన్న కంట్రోలర్ వైపూ టీవీ వైపూ మార్చి మార్చి చూశాడు. "నన్నెవడూ కొట్టలేదు కదరా, మరెలా చచ్చాను?"

పాప చెప్పబోతుంటే కంట్రోలర్ దాని ఒళ్ళో పెట్టేసి "సర్లే, ఆ ఎనక్కి తిప్పేది ఎలాగో తిప్పమ్మా" అన్నాడు.